గిటారులో గుయ్యి

పోర్ట్ బ్లెయిర్‌లో మా బతు బస్తీలో పికప్ అంటే ఒకటే. జెట్టీ నుంచి చేపల పెట్టెలూ ఐసు దిమ్మలూ మోసుకొచ్చే చిన్న లారీ. అందుకే నేను ఫోనులో మా ఆయనతో "మంచి పికప్ ఒకటి కొనాలి, పాతది తుప్పు పట్టిపోయింది" అంటుంటే విన్న మా అమ్మ, ఆ కబురును సాయంత్రానికల్లా వీధంతా తిప్పేసింది. ఎదురింటి పిన్ని పరుగున వచ్చి, "గంగమ్మ సంబరానికి పందిరి కర్రలు మీ బండిలోనే తెద్దారని చెప్పేసినాను" అంది.

నాకు ముక్కు మీదే కోపం. బళ్ళో పిల్లలకూ తెలుసు, ఇంట్లో వాళ్ళకూ తెలుసు. లోపలికి వెళ్ళి నా ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి, తీగల కింద పొదిగి ఉన్న నల్లటి ప్లాస్టిక్ ముక్కను వేలితో చూపించాను. "పిన్నీ, పికప్ అంటే ఇదీ. దీని మీద పందిరి కర్ర కాదు కదా, పంటి పుల్ల కూడా పట్టదు" అన్నాను. ఆవిడ దాన్ని తేరిపార చూసింది. "మరి దీనికి సక్రాలేవే?" అంది. ఆ తర్వాత ఇక కోప్పడటం నా వల్ల కాలేదు.

ఆ గిటారు నాకు మధ్య అండమాన్‌లోని రంగత్‌లో అంటుకుంది. గవర్నమెంటు బళ్ళో సైన్సు టీచరుగా నా మొదటి పోస్టింగు అక్కడే. బజారూ బస్టాండూ వానా తప్ప సాయంత్రాలకు అక్కడ ఇంకేమీ ఉండేది కాదు. రాంచీ వైపు నుంచి వచ్చిన తోటి టీచరు ఒకాయన మెయిన్‌లాండుకు బదిలీ అయి వెళ్తూ, ఓడలో మోసుకుపోలేక, దాన్నీ దాని స్పీకరు పెట్టెనూ నాకు అంటగట్టి వెళ్ళాడు. అప్పటికి నాకు గిటారు పట్టుకోవడం కూడా రాదు. వాన పడే సాయంత్రాల్లో ఫోను ముందు పెట్టుకుని వేళ్ళు బొబ్బలెక్కేలా నేర్చుకున్నాను. పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ అయ్యి, అమ్మానాన్నలున్న ఇంటికే మళ్ళీ చేరినప్పుడు నా సామానులో అన్నిటికంటే జాగ్రత్తగా వచ్చింది అదే.

పికప్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగతో చుట్టిన కాయిల్. పైనున్న ఉక్కు తీగను మీటితే కాయిల్‌లో చిటికెడు కరెంటు పుడుతుంది, అది వైరు వెంట వెళ్ళి స్పీకరులో పాటవుతుంది. నేను పదో తరగతికి చెప్పే పాఠమే. నా గిటారుకు ఉన్న మూడింట్లో రెండు పికప్‌లను ఈ ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. మిగిలిన ఒక్కటీ ఒక కాయిల్ ఉన్న రకం. దాన్ని సింగిల్ కాయిల్ అంటారు. రేకు మీద మొదటి చినుకులు పడ్డట్టు, ప్రతి తీగా విడివిడిగా, టకటకా పలుకుతుంది. ఆ పలుకంటే నాకు ప్రాణం.

కానీ దానికి ఒక జబ్బుంది. తీగ మాటే కాదు, అడ్డమైన వాళ్ళ మాటా వింటుంది. ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, ఫ్రిజ్, పక్కింటి మోటారు, అన్నిటి కరెంటునూ పట్టుకుని స్పీకరులోంచి "గుయ్యి" మంటూ ఒకటే మోత. చెవిలో జోరీగ. గిటారును అటూ ఇటూ తిప్పితే కొంచెం తగ్గుతుంది. మా ముందు గదిలో నీళ్ళ డ్రమ్ము వైపు ముఖం పెట్టి కూర్చుంటే అన్నిటికంటే తక్కువ. చూసినవాళ్ళు నేను నీళ్ళ డ్రమ్ముకు కచేరీ చేస్తున్నాననుకునేవారు.

ఆ ఒక్క పికప్ కూడా మధ్యమధ్యలో గొంతు పట్టేయడం మొదలుపెట్టింది. కొత్తది వెయ్యాలి. ఏ రకం వెయ్యాలన్నదే ప్రశ్న. మామూలుగానైతే నా ఇష్టం నాది, మళ్ళీ సింగిల్ కాయిలే వేసుకునేదాన్ని. అందులో మా నాన్న పాట ఇరుక్కుంది కాబట్టి అది అంత తేలిగ్గా తేలలేదు.

మా నాన్న కుర్రతనంలోనే శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఈ దీవులకు వచ్చాడు. బతుకంతా డోంగీ మీదే. ఇంజిను పడవను ఇక్కడ అలాగే అంటారు. ఆయనకు వేట పాటలు ఎన్నో వచ్చు, అందులో ఒకటి మరీ ఆయనదే. గాలిని మేనమామా అనీ, వలను చెల్లెమ్మా అనీ పిలుస్తూ సాగుతుంది. వేట మళ్ళీ మొదలయ్యే ముందు మా వాళ్ళు ఒడ్డున చేసే గంగమ్మ సంబరంలో మొదటి పాట అదే, పాడేది ఆయనే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

కళ్ళకు ఆపరేషనయ్యాక డాక్టరు ఎండా ఉప్పునీళ్ళూ వద్దన్నారు. నాన్న డోంగీని పెదనాన్న కొడుక్కి అప్పగించేశాడు. దాంతోపాటే పాట కూడా పోయింది. గొంతుకేమీ కాలేదు. అమ్మ మీద కేకలేస్తే నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. పాట మాత్రం రాదు. కిందటి సంబరంలో మైకు ముందు నిలబడి, నోరు తెరిచి, "ఇప్పుడే వస్తాను, దాహమేస్తన్నాది" అని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అప్పటికి పెద్దలు సర్దుకుపోయారు. ఈసారి మాత్రం, ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి, మొదటి పాటను ఎవరి ఫోనులోంచైనా వేసేద్దాం అనుకున్నారు.

ఆ మాట అమ్మ చెవిన పడిన రోజు నాకు బాగా గుర్తు. వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది, తలెత్తలేదు.

"పెళ్ళైన కాణ్ణుంచీ ఆ మనిషి పాటే నాకు గడియారం" అంది. "దూరంలో ఇంజినూ పాటా కలిసి వినబడీవి. ముందు పాటొచ్చీది, ఎనక మనిషొచ్చీవోడు. ఇప్పుడు మనిషి రోజంతా ఇంట్లోనే ఉన్నాడు. పాటొక్కటీ నేదు. ఆ పాట ఫోనులో ఏస్తే నాను సంబరానికి రాను."

అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈసారి మా నాన్న పాడి తీరాలని. పాడమంటే పాడడు. బతిమాలితే బీడీ అంటించుకుని బయటికి పోతాడు. అందుకని ఏమీ ఎరగనట్టు, రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, గిటారు మీద ఆ పాట బాణీ వాయించడం మొదలుపెట్టాను.

చిత్రంగా నాన్న రోజూ వచ్చి కూర్చునేవాడు. ప్లాస్టిక్ కుర్చీ స్పీకరు పెట్టె దగ్గరకు జరుపుకుని, నా వేళ్ళ వైపు కాకుండా ఆ పెట్టె వైపే చూస్తూ ఉండేవాడు. ఒక సాయంత్రం నేను వాయించడం ఆపి తీగలు సవరించుకుంటున్నాను. పెట్టె మాత్రం గుయ్యిమంటూనే ఉంది. నాన్న అడిగాడు.

"ఆ గుయ్యి ఆగదేటి?"

ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది తల వాచిపోయి ఉంది. పుండు మీద కారం చల్లినట్టయింది. "ఆగదు నాన్నా! దీని జాతే అంత. స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఆగదు, ఏం చేసినా ఆగదు!" అని కసిరాను.

"ఆగదన్నమాట" అని తల ఊపి, అలాగే కూర్చున్నాడు.

నా బుర్ర ఆ క్షణంలోనే లెక్క తేల్చేసింది. పాపం, ఈ వెధవ మోత ఆయన పాటకు అడ్డం పడుతోంది. ఇది పోతే పాడతాడు.

మోత పోవాలంటే హంబకర్ వెయ్యాలి. అందులో రెండు కాయిల్స్ ఉంటాయి, ఒకదానికొకటి తిరగేసి. పడని తోడికోడళ్ళు ఒకరి మాటను ఒకరు కొట్టేసినట్టు, ఒకదాని గుయ్యిని ఇంకోటి కొట్టేస్తుంది. తీగల పాట మాత్రం మిగులుతుంది, కాస్త చిక్కగా, బొద్దుగా. ఆ చినుకుల పలుకు పోతుంది. మూడో రకం ఇంకొకటుంది, పి-నైంటీ అంటారు. లావుపాటి సింగిల్ కాయిల్. దాని గొంతు బావుంటుంది కానీ, గిటారు చెక్కను తొలిస్తే తప్ప పట్టదు, పైగా అదీ గుయ్యిమంటుంది. సింగిల్ కాయిల్ చోట్లోనే సరిపోయే సన్నపాటి హంబకర్లు వస్తాయని చదివాను. అదే వేద్దామనుకున్నాను. నా ప్రాణమైన పలుకును వదులుకుంటున్నానని బాధగానే ఉంది. నాన్న పాట కంటే ఎక్కువా అనుకున్నాను. త్యాగం చేస్తున్నట్టు కొంచెం గర్వంగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

గోల్ ఘర్ పేటలో టీవీలూ మిక్సీలూ బాగుచేసే భయ్యా ఒకడున్నాడు. తమిళులబ్బాయి, పుట్టింది ఇక్కడే. ఒకప్పుడు హోటళ్ళలో బ్యాండు వాయించాడు. నా గిటారుకు ఆస్థాన వైద్యుడు. హంబకర్ అనగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. "దీదీ, సింగిల్ కాయిల్ మే జాన్ హై. దాని ప్రాణం తీసెయ్యకండి" అన్నాడు. మా ఇద్దరికీ ఈ విషయంలో పెద్ద యుద్ధమే నడిచింది. షాపుకొచ్చిన ఒకావిడ తన మిక్సీ గురించే గొడవ పడుతున్నామనుకుని, "పరవాలేదు, రేపొచ్చి తీసుకుంటా" అని వెళ్ళిపోయింది.

ఇక్కడ ఇలాంటి సామాను దొరకదు. ఫోనులో ఆర్డరు పెడదామంటే, పిన్‌కోడ్ కొట్టగానే మీ ప్రాంతానికి పంపము అని ఎర్రక్షరాలు. మా ప్రాంతం కూడా ఈ దేశంలోనే ఉందని ఫోనును తిట్టిపోశాను. చివరికి మా ఆయన దిక్కయ్యాడు. ఆయన ఓడ ఇంజిన్ రూములో ఉద్యోగి, అప్పుడు ఓడ రిపేరుకని చెన్నైలో ఉంది. ఆయన షాపులో నిలబడి ఫోను చేస్తే, నేను గట్టిగా "హంబకర్! హంబకర్!" అని అరుస్తున్నాను. ఫోను పెట్టేసరికి అమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది.

"అదేటే, హంబకర్?"

"హమ్‌ను ఆపేది అమ్మా."

మా ఇంట్లో సగం మాటలు హిందీ. అమ్మ ముఖం చిట్లించింది. "హమ్ అంటే మనమే గదే? మనల్ని ఆపీసే సామాను మనకెందుకే?"

"ఇది ఇంగ్లీషు హమ్ అమ్మా. హమ్ అంటే గుయ్యి."

"ఓలమ్మ! ఇంగ్లీషోళ్ళకి మనమంటే గుయ్యేటి?" అని నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది. నాకూ నవ్వొచ్చింది.

హంబకర్ వచ్చింది. భయ్యా గొణుక్కుంటూనే టంకం పెట్టి బిగించాడు. ఇంటికొచ్చి స్విచ్ వేశాను. నిశ్శబ్దం. ట్యూబులైటు కింద, ఫ్యాను కింద, ఎటు తిరిగినా నిశ్శబ్దమే. నీళ్ళ డ్రమ్ము వైపు వీపు పెట్టి దర్జాగా కూర్చున్నాను. నాన్న కుర్చీ జరుపుకుని ఎప్పటిలాగే పెట్టె పక్కన చేరాడు. పెట్టె వైపు చూశాడు. ఎదురు చూశాడు.

"సిచ్చెయ్యనేదేటి?" అన్నాడు.

"వేశాను నాన్నా! గుయ్యి పోయింది. చూడు ఇప్పుడు" అని ఆయన పాట బాణీ వాయించాను. ఎక్కడా మచ్చ లేకుండా, కొత్త గిన్నెలా మెరుస్తూ వచ్చింది. పూర్తిచేసి తలెత్తాను.

"బాగుంది" అన్నాడు.

మా నాన్న భాషలో బాగుంది అంటే నాకు తెలుసు. కూరలో ఉప్పు పడనప్పుడు ఆయన అనే మాట అది. లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కుర్చీ మాత్రం పెట్టె పక్కనే ఉండిపోయింది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది, వెంటనే కోపం వచ్చేది. ఇంత చేస్తే ఈయనకు పట్టదేమిటి అని అమ్మతో సణిగాను.

"నాతో సణుగుతావేటి? ఎల్లి ఆ మనిషినే అడుగు" అంది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి మెట్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. "నాన్నా, ఆ కొత్త సామాను నీకు నచ్చలేదు కదా?" అన్నాను.

"నచ్చకేటి. నీకు నచ్చితే సాలు." బీడీ తీసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత, నేరమేదో నాదే అయినా నన్నే ఓదారుస్తున్నట్టు మెల్లగా అన్నాడు. "ఆగదన్నావు గదమ్మా. ఆగిపోనాది."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు.

"డోంగీ మీద కింద ఇంజిను సప్పుడుండీది. దాని మీద పాట ఎక్కీది. ఒడ్డున ఏటుంది? కింద సప్పుడు నేని కాడ పాటని ఎక్కడ పెడతాను? జారిపోతాది. నీ పెట్టె గుయ్యిమంటంటే, మళ్ళీ ఇంజినేసినట్టే అనిపించీది. లోపల్లోపల పాడుకునీవోణ్ణి. గట్టిగా పాడదారనే, ఆగదేటని అడిగినాను."

మా వాళ్ళు ఇంజిను గురించి అడిగే ప్రశ్న ఒకటే. కొత్తదైనా, పాతదైనా, ఎరువు తెచ్చుకున్నదైనా, దాన్ని నమ్మి సముద్రం మీదకి వెళ్ళే ముందు దాని మీద చెయ్యి వేసి ఇచ్చేవాణ్ణి అడుగుతారు. ఆగదేటి? నడి సముద్రంలో ఆగితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి అంతకుమించి మాట ఉండదు. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. బళ్ళో పాఠాలు చెప్పీ చెప్పీ, అల్లరి ఆగదా అని పిల్లల్ని కసిరీ కసిరీ, నా చెవికి అది విసుగులాగా వినబడింది. ఆయన ఆశగా అడిగాడు. పైగా నేను ఆగదని మాటిచ్చాను. ఆయన చేతిని నా ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను. అరచెయ్యి ఇప్పటికీ వల తాడులాగే గరుకు.

ఆలోచిస్తే ఆయన చెవి తప్పేమీ వినలేదు. మా దీవుల్లో కరెంటు చాలావరకు డీజిలు ఇంజిన్లతోనే పుడుతుంది. ఎక్కడో తిరుగుతున్న ఇంజిను వైర్ల వెంట వచ్చి నా సింగిల్ కాయిల్‌లో గుయ్యిమంది. సైన్సు టీచరునై ఉండి అది నాకు తట్టలేదు.

సోమవారం బడి అయ్యాక తిన్నగా గోల్ ఘర్ వెళ్ళాను. హంబకర్‌ను పీకెయ్యక్కర్లేదు. చిన్న మీట ఒకటి పెట్టి, రెండు కాయిల్స్‌లో ఒకదాన్ని తప్పించేస్తే అది సింగిల్ కాయిలే అయిపోతుంది, పలుకూ మోతా రెండూ తిరిగొస్తాయి. అలా పెట్టమన్నాను. భయ్యా చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "పెహలే హమ్ కో భగాయా, అబ్ వాపస్ బులాతే హో? తరిమేసి మళ్ళీ పిలుస్తున్నారా దీదీ?" అన్నాడు. పిలుస్తున్నాను, ఏం, అన్నాను.

ఇంట్లో మీట కిందికి నొక్కగానే గుయ్యి వచ్చేసింది. నేనేమీ వాయించలేదు. వాయిస్తే పాడమన్నట్టు ఉంటుందని, గిటారు ఒళ్ళో పెట్టుకుని పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నాన్న వచ్చి తన కుర్చీలో చేరాడు. ఎంతోసేపటికి, దగ్గుతో కలిసి, మేనమామను పిలిచే ముక్క ఒకటి బయటపడింది. వంటింట్లో అమ్మ పొయ్యి ఆపేసింది. మా ఇద్దరిలో ఎవరమూ తల తిప్పలేదు. అక్కడితో ఆగిపోయాడు. అలాగే కొన్ని సాయంత్రాలు, కొన్ని ముక్కలు. మొత్తం పాట ఒక్కసారీ రాలేదు. సంబరం దగ్గరపడుతోంది, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సంబరం రోజున ఒడ్డంతా పసుపూ వేపాకూ. నేను గిటారు తీసుకుని మైకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మొదటి పాట ఫోనులో పెట్టేస్తామని కుర్రాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఎదురింటి పిన్ని, ఆ పందిరి కర్రలను చివరికి అద్దె బండిలో తెప్పించిన మనిషి, గిటారు వంక చూసి "ఈ పికప్ ఇక్కడికెందుకు తెచ్చినావే?" అంది. నేను వైరు తగిలించి మీట నొక్కాను.

పందిరికి రెండు వైపులా ఉన్న పెద్ద పెట్టెల్లోంచి గుయ్యి లేచింది. మైకు సెట్టు అద్దెకిచ్చిన అబ్బాయి కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "హమ్ ఆ రహా హై! దీదీ, హమ్ ఆ రహా హై!"

మా అమ్మ లేచి అతనికి అడ్డం నిలబడింది. "వస్తే రానీ బాబూ. దాన్ని మేమే రమ్మన్నాం."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య నాన్న వెనక వరస నుంచి లేవడం నేను చూశాను. భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ మెల్లగా మైకు దగ్గరికి వచ్చాడు. దాహమనలేదు. పెట్టెల వైపు ఒకసారి చూసి, నా వైపు వంగాడు.

"ఆగదేటి?"

"ఆగదు నాన్నా" అన్నాను.

ఆయన నీళ్ళ వైపు తిరిగి, గాలిని మేనమామా అని పిలిచాడు. ఆ పిలుపు గుయ్యి మీద ఎక్కి నిలబడింది. రెండో చరణానికి గొంతు పూర్తిగా తెరుచుకుంది. నేను ఒక్క తీగనూ మీటలేదు, గిటారు కదిలితే మోత ఎక్కడ తగ్గుతుందోనని బిగపట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ మాత్రం, మనిషి ఎదురుగానే నిలబడి పాడుతున్నా, అలవాటు కొద్దీ సముద్రం వైపు చూసింది.